మున్నార్ రైలు: తెరవడానికి లైను ఎక్కడుంది?

మున్నార్‌కు బయల్దేరే తెలుగువాళ్లు చాలామంది శబరి ఎక్స్‌ప్రెస్‌లో ఆలువా దాకా వెళ్లి, అక్కడ కారో బస్సో పట్టుకుని ఘాట్ ఎక్కుతారు. ఆ ఊరికి రైలు లేదు. వందేళ్ల కిందట ఉండేది. దాన్ని మళ్లీ నడపాలన్న ఆలోచన 2019లో కేరళ ప్రభుత్వం వైపు నుంచి గట్టిగానే వినిపించింది. వినడానికి ముచ్చటైన ప్రతిపాదనే. కానీ మూసిన తలుపు తీసినట్టు తీయడానికి అక్కడ లైనంటూ ఏమీ మిగల్లేదు.

కుండల వ్యాలీ రైల్వే 1902లో ఎడ్లతో మొదలైంది. దారి పక్కన నేల మీద ఒకే ఒక్క పట్టా. బరువు చాలావరకు ఆ పట్టా మీది చిన్న చక్రాలదే. బండి పక్కకు ఒరగకుండా నేల మీద దొర్లే పెద్ద చక్రం కాస్తుంది. పటియాలా సంస్థానంలో ఇదే పద్ధతిలో నడిచిన మోనోరైలు ఇంజను ఢిల్లీ రైలు మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. 1908లో మున్నార్‌లో ఆ ఒంటి పట్టా స్థానంలో రెండడుగుల గేజి లైను వచ్చింది. తేయాకు పెట్టెలు రైల్లో టాప్ స్టేషన్ చేరేవి. అక్కణ్నుంచి రోప్‌వే మీద కింద తమిళ దేశంలోని కొట్టగుడికి దిగి, బోడినాయకనూర్ వైపు సాగిపోయేవి.

1924 జులై వరదతో అంతా అయిపోయింది. మలయాళ సంవత్సరం 1099 కాబట్టి కేరళలో దాన్ని ఇప్పటికీ ‘99 వరద’ అంటారు. మాట్టుపెట్టి దగ్గర రెండు కొండల నడుమ మట్టి, మాన్లు పేరుకుని కట్టలా నిలిచాయి. ఆ కట్ట ఒక్కసారిగా తెగింది. కొట్టుకుపోయిన పట్టాలను తేయాకు కంపెనీ మళ్లీ వేయించలేదు. నాటి స్టేషన్ ఇప్పుడు తేయాకు కంపెనీ కార్యాలయం.

సరుకు లేనిదే కొండ రైలు నిలవడం కష్టం. మన అరకు లైనే చూడండి. కొత్తవలస–కిరండూల్ మార్గాన్ని 1960లలో వేసింది బైలడిల్లా ఇనుప ఖనిజం కోసం. 2017లో తగిలించిన అద్దాల బోగీ ఆ ఖనిజం పుణ్యాన తిరుగుతోంది. కొండ లైనుకు రక్షణ గోడలు, కల్వర్టులు, ట్రాక్‌మెన్ ఏడాది పొడవునా కావాలి. మున్నార్‌లో ఆ ఖర్చుకు టూరిస్టు టికెట్టే దిక్కు. రైల్వే శాఖ అండ, యునెస్కో గుర్తింపు రెండూ ఉన్న డార్జిలింగ్ రైలుకే 2010లో పాగ్లాజోరా దగ్గర కొండ జారితే, సిలిగురి నుంచి పూర్తి దారి మళ్లీ తెరుచుకునేసరికి 2015 వచ్చింది.

మున్నార్ కొండలూ అంత నమ్మదగినవి కావు. 2020 ఆగస్టు 6 రాత్రి దగ్గర్లోని పెట్టిముడిలో కొండచరియ విరిగిపడి తేయాకు కార్మికుల ఇళ్ల వరుసలను కప్పేసింది. 70 మంది పోయారు. పైగా టాప్ స్టేషన్ దారిలో ఇప్పుడు మాట్టుపెట్టి, కుండల జలాశయాలున్నాయి, ఏనుగులున్నాయి. రోడ్డెక్కి బస్సులను ఆపేసే ఓ మగ ఏనుగుకు జనం పెట్టుకున్న పేరు పడయప్ప. తెలుగులో ‘నరసింహ’గా ఆడిన రజనీకాంత్ సినిమా అది.

రైలు కావాలనేవాళ్ల వాదనలో పస లేకపోలేదు. సీజన్లో మాట్టుపెట్టి రోడ్డు మీద కార్ల బారు కదలదు. ఆ రద్దీని రైలు కొంత తగ్గించవచ్చు. అయితే కొండ కిందే మదురై–బోడినాయకనూర్ లైనుంది. ఉన్న మీటర్ గేజిని బ్రాడ్ గేజి చేయడానికి 2010 చివర్లో మూస్తే, బోడికి మళ్లీ రైలు వచ్చింది 2023 జూన్‌లో. మైదానంలో, ఉన్న కట్ట మీదే పని అంతకాలం పట్టింది. కొండ మీద కొత్త కట్ట వేయడానికి ఎన్నాళ్లు పడుతుందో ప్రభుత్వం ముందే లెక్క చెప్పాలి.

కాబట్టి దీన్ని వారసత్వ పునరుద్ధరణగా కాక, కొత్త ప్రాజెక్టుగానే తూచాలి. కొండవాలుల భూగర్భ పరీక్ష, ఏనుగుల దారుల పటం, నిర్వహణ ఖర్చు ఎవరు భరిస్తారన్న లెక్క మూడూ పనికి ముందే జనం ముందు పెట్టాలి. అవి నెగ్గితే మున్నార్–మాట్టుపెట్టి మధ్య చిన్న ముక్కతో మొదలుపెట్టవచ్చు. నెగ్గకపోతే ఆ డబ్బుతో అదే రోడ్డు మీద బస్సులు పెంచి, కార్లను ఊరి బయటే ఆపించాలి.