పులి కనబడకపోతే దండగేనా?

సంపాదకులకు,

ఫర్హాబాద్ సఫారీలో పులి కనబడలేదు కాబట్టి డబ్బు దండగ అన్న గత సంచిక వ్యాసంతో ఏకీభవించలేను. ఆ సఫారీ సాగే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,611 చదరపు కిలోమీటర్ల అడవి, జూ కాదు. అక్కడ కళ్లకన్నా ముందు చెవులకు పని. దుప్పి ఉలిక్కిపడి అరిచినా, కొండముచ్చు కొమ్మ మీంచి హెచ్చరించినా పులో చిరుతో దగ్గర్లో ఉండొచ్చు. కణితి, మనుబోతు, నెమలి లెక్కలోకి రావా?

వ్యాసకర్త వదిలేసిన అసలు సమస్య వేరే ఉంది. మన్ననూరు నుంచి దోమలపెంట దాకా ఈ అడవి గుండా వెళ్లే శ్రీశైలం రోడ్డు మీద కార్లు ఆపి కోతులకు అరటిపళ్లు, చిప్స్ వేస్తున్నారు. ఆ తిండి మరిగిన కోతులు రోడ్డు వదలక బండ్ల కింద పడుతున్నాయి. రాత్రిపూట చెక్‌పోస్టు దగ్గర రాకపోకలు ఆపుతారు సరే, పగలు వేగం తగ్గించుకోవాల్సింది మనమే.

– ఒక పాఠకుడు, అచ్చంపేట