అరటికాయకు ఐదు గాట్లు

ఓడ ఆలస్యమైతే అండమాన్‌లో బంగాళాదుంప ధరకు రెక్కలొస్తాయి. చెన్నై నుంచైనా, విశాఖ నుంచైనా సముద్రం మీద దాదాపు 1,200 కిలోమీటర్లు. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో, విమానాశ్రయం ఉన్న లంబాలైన్ ప్రాంతంలో విందు పళ్లేనికి పూల చిప్స్ చేయాలంటే దుంప కోసం ఓడ వైపే చూడాలా?

అక్కర్లేదు. అరటికాయ, సీమపనస, చిలగడదుంప అక్కడే పండుతాయి. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. వారిలో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లోనివే. అరటికాయ వేపుడు వారికి ఎవరూ నేర్పనక్కర్లేదు. కొత్తగా కావలసిందల్లా పదునైన చిన్న చాకు.

కిటుకు ఒక్కటే. ముందు కాయను చెక్కాలి, తర్వాత ముక్కలు కోయాలి. చేతులకు జిగురంటకుండా నూనె రాసుకుని, తొక్క తీసిన అరటికాయకు ఈ కొస నుంచి ఆ కొస దాకా సమదూరంలో ఐదు సన్నని గాళ్లు తీయాలి. ఆపై అడ్డంగా కోస్తే ప్రతి ముక్కా ఐదు రేకుల పువ్వే. సీమపనసనైతే నిలువుగా చీల్చి, నడిమి బొడ్డు తీసేసి, ఆకు ఆకారంలో చెక్కి కోయాలి. ఒక్కో చిప్‌నూ విడిగా చెక్కుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది.

మందం మిల్లీమీటరున్నరకు మించకూడదు, అంతటా ఒకేలా ఉండాలి. లేకుంటే ఒక రేకు మాడుతుంది, మరొకటి మెత్తగా మిగులుతుంది. అరటి ముక్కల్ని పసుపు కలిపిన ఉప్పు నీళ్లలో కాసేపు ఉంచితే నల్లబడవు. వాటిని గుడ్డ మీద ఆరబెట్టాకే నూనెలో వేయాలి. తీపి ఎక్కువున్న చిలగడదుంపకు మంట తగ్గించాలి.

దుంపతో చిక్కు ధర ఒక్కటే కాదు. శీతల గిడ్డంగిలో ఎక్కువ రోజులున్న దుంపలో పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది. వేయిస్తే త్వరగా నల్లబడుతుంది, చేదెక్కుతుంది. పిండి పదార్థాలను ఎక్కువ వేడిమీద వేయిస్తే యాక్రిలమైడ్ పుడుతుందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2002లో వెల్లడించారు. అందుకే ఏ కాయైనా లేత బంగారు రంగుకు రాగానే తీసేయడం మంచిది.

అసలు పరీక్ష వాన. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్లు కురిసే చోట, మూత తీసి ఉంచిన చిప్స్ సాయంత్రానికల్లా మెత్తబడతాయి. పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో పెట్టాల్సిందే. గాళ్లు తీయగా మిగిలిన తునకలు పులుసులోకి పోతాయి.

లంబాలైన్‌కు మరో అవకాశమూ ఉంది. 2023లో కొత్త టెర్మినల్ ప్రారంభమైన విమానాశ్రయం పక్కనే ఉంది. దీవి గుర్తుగా ప్రయాణికులు పట్టుకెళ్లగలిగే సరుకు ఇళ్ల పెరళ్లలోనే కాస్తోంది. అయితే అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తప్పదు. చాకు పట్టడం కన్నా కొందరు ఇల్లాళ్లకు కష్టమనిపించేది ఆ కాగితం పనే.