రెండు ఓట్ల దూరంలో ఆగిపోయిన మరో అమెరికా

అమెరికా తొలినాళ్ల గురించి ‘అలా జరిగి ఉంటే’ అని కథలల్లేవాళ్లకు ఆరన్ బర్ అంటే మహా ఇష్టం. ఉపాధ్యక్షుడిగా ఉండగానే 1804లో అలెగ్జాండర్ హామిల్టన్‌ను ద్వంద్వయుద్ధంలో కాల్చి చంపాడు. పదవి పోయాక ఒహాయో నదిలోని బ్లెన్నర్‌హాసెట్ దీవి కేంద్రంగా పడవల్నీ మనుషుల్నీ పోగేశాడు. పశ్చిమాన సొంత రాజ్యం కోసమే ఇదంతా అని ఊరూవాడా కోడై కూసింది. 1807లో రిచ్‌మండ్‌లో దేశద్రోహం కేసు నడిచింది, నిర్దోషిగా బయటపడ్డాడు. నవలకు కావలసిన సరుకంతా ఇందులో ఉంది. గోర్ విడాల్ 1973లో ఆయన మీద రాసేశాడు కూడా.

చిక్కేమిటంటే, బర్ చేతిలో దేశం ముక్కలయ్యే అవకాశం దాదాపు లేదు. 1803లోనే అధ్యక్షుడు జెఫర్సన్ కోటిన్నర డాలర్లకు లూసియానాను కొనేశాడు. మిసిసిపీ నది, న్యూ ఆర్లీన్స్ రేవు అమెరికా చేతికొచ్చాయి. పశ్చిమాది రైతు తిరగబడటానికి అప్పటికి ఏ కారణం మిగిలింది?

కారణం గట్టిగా ఉన్నది ఇరవై ఏళ్ల ముందు. అపలాచియన్ కొండలు దాటి కెంటకీలో స్థిరపడినవాళ్లు పండించిన పొగాకు, పిండి, మాంసం బళ్ల మీద మళ్లీ కొండలెక్కించి తూర్పుకు పంపితే ఖర్చులకే చాలదు. పడవలో వేసి వాలుగా న్యూ ఆర్లీన్స్‌కు వదలడమొక్కటే దారి. ఆ రేవు స్పెయిన్‌ది. 1784లో స్పెయిన్ అమెరికన్లకు నదిని మూసేసింది. కొత్తగా వెళ్లినవాళ్లు ఈక తగిలినా అటో ఇటో ఒరిగేలా ఉన్నారని అదే ఏడాది జార్జి వాషింగ్టన్ ఒక లేఖలో హెచ్చరించాడు.

రెండేళ్లు తిరగకుండానే న్యూయార్క్‌లో కాంగ్రెస్ ఆ ఈకను అందించబోయింది. వ్యాపార ఒప్పందం కోసం మిసిసిపీ మీద హక్కును కొన్ని దశాబ్దాలు పక్కన పెడదామని విదేశాంగ కార్యదర్శి జాన్ జే ప్రతిపాదించాడు. స్పెయిన్ దూత గార్దోకీతో బేరం అలా కుదిరింది మరి. 1786 ఆగస్టులో ఏడు ఉత్తరాది రాష్ట్రాలు సరేనన్నాయి, అయిదు దక్షిణాది రాష్ట్రాలు కాదన్నాయి. ఒప్పందం ఖరారు కావాలంటే తొమ్మిది కావాలి. రెండు తగ్గాయి.

ఆ కబురు కొండలు దాటాక జనం మండిపడ్డారు. మరుసటి ఏడాది జేమ్స్ విల్కిన్సన్ అనే మాజీ సైనికాధికారి సరుకు పడవతో న్యూ ఆర్లీన్స్‌లో దిగాడు. స్పానిష్ గవర్నర్ మిరో ముందు స్పెయిన్ రాజుకు విధేయత ప్రకటించి, కెంటకీని విడగొట్టి అప్పగిస్తానని ఆశపెట్టి, తన సరుకు అమ్ముకోవడానికి అనుమతి పట్టుకుని తిరిగొచ్చాడు. స్పెయిన్ కాగితాల్లో ఆయన ‘ఏజెంట్ 13’. ఏటా 2,000 డాలర్ల పెన్షన్ కూడా రాశారు. ఆ సొమ్ము చేరడమే ఒక సాహస కథ. 1794లో 6,000 డాలర్లు తెస్తున్న హెన్రీ ఓవెన్‌ను పడవ సరంగులే చంపి డబ్బు పంచుకున్నారు. ఇంకోసారి పంచదార, కాఫీ పీపాల్లో వెండి నాణేలు దాచి పంపారు. ఇలా జీతం తింటూనే విల్కిన్సన్ 1796 చివర్లో అమెరికా సైన్యానికి అధిపతి అయ్యాడు. కంచే చేను మేయడమంటే ఇదే!

ఆయనొక్కడే అనుకోకూడదు. ఇప్పటి తూర్పు టెనెసీలో ‘ఫ్రాంక్లిన్ రాష్ట్రం’ పెట్టుకున్న జాన్ సెవియర్ 1788లో గార్దోకీకి లేఖలు రాశాడు. నాష్‌విల్ ప్రాంతానికి ఉత్తర కెరొలినా సాక్షాత్తూ గవర్నర్ మిరో పేరే పెట్టింది, అదీ స్పెల్లింగు తప్పుతో. తర్వాత అధ్యక్షుడైన ఆండ్రూ జాక్సన్ వ్యాపారం కోసం 1789లో నాచెజ్‌లో స్పెయిన్‌కు విధేయతా ప్రమాణం చేశాడు. వీళ్లెవరికీ స్పెయిన్ మీద ప్రేమ లేదు. సరుకు ఎటు పోతే విధేయత అటు పోయింది, అంతే.

ఇప్పుడు ఊహిద్దాం. ఆ రెండు ఓట్లూ పడి ఉంటే? 1788 నవంబరులో కెంటకీ రాష్ట్ర హోదా కోసం జరిగిన డాన్విల్ సమావేశంలో విల్కిన్సన్ వేర్పాటు మాట లేవనెత్తినా సభ్యులు వెంట రాలేదు. నదిని తమ ప్రభుత్వమే అమ్మేసిందన్న రుజువు చేతిలో ఉంటే ఆ సభ తీరే వేరుగా ఉండేది. కెంటకీ విడిపోయేదని నా అంచనా. అయితే స్పెయిన్ చేతిలో నిలిచేది కాదు. 1790లో సుమారు 73,000 ఉన్న అక్కడి జనాభా పదేళ్లకు 2,20,000 దాటింది. అంతమందిని ఆపే బలగం న్యూ ఆర్లీన్స్‌కు లేదు. రాజుగారి కొత్త ప్రజలే రేవును లాక్కునేవారు. ఇక జెఫర్సన్‌కు కొనడానికి లూసియానా మిగిలేదా అన్నది అనుమానమే.

ఇలాంటి కథల్లో షావనీలు, క్రీక్‌లు వంటి స్థానిక తెగలవాళ్లు దాదాపు కనిపించరు. 1784లో పెన్సకోలాలో స్పెయిన్‌తో ఒడంబడిక చేసుకున్న క్రీక్ నాయకుడు అలెగ్జాండర్ మెగిలివ్రే తెల్లవాళ్ల తగాదాల మధ్యే తన వాళ్ల భూమిని కాపాడుకోవాలని చూశాడు. దేశం చీలి ఉంటే ఆయనకు మరికొంత కాలం దక్కేదేమో. కానీ కెంటకీ రైతుకు భూదాహం రాజధాని మారితే తీరేది కాదు.

చివరికి కుట్రను పట్టుకుని ఓడించినవాళ్లు ఎవరూ లేరు. 1792 జూన్ 1న కెంటకీకి రాష్ట్ర హోదా ఇచ్చారు, 1795లో స్పెయిన్‌తో కుదిరిన పింక్నీ ఒప్పందంతో నది తెరిపించారు, దాంతో కొనేవాడు లేక కుట్ర సరుకు పాడైపోయింది. స్పెయిన్‌కు లేఖలు రాసిన సెవియర్ 1796లో టెనెసీ తొలి గవర్నరయ్యాడు. విల్కిన్సన్ అయితే 1806లో బర్‌ను జెఫర్సన్‌కు పట్టించి దేశభక్తుడిగా నిలబడ్డాడు. ఒకటికి రెండుసార్లు విచారణలు జరిగినా ఆయన మీద నేరం రుజువు కాలేదు. 1825లో మెక్సికో నగరంలో చనిపోయాడు. స్పెయిన్ దస్తావేజులు బయటికొచ్చి ఆయన బండారం రుజువయ్యేసరికి మరో మూడు దశాబ్దాలు పట్టింది.