జోశీమఠ్: గోడలు బీటలు వారాకే హెచ్చరికా?

2023 జనవరిలో ఉత్తరాఖండ్‌లోని జోశీమఠ్‌లో నేల కుంగి, వందలాది ఇళ్లు బీటలు వారాయి. అధికారులు ప్రమాదకరమైన గోడలపై ఎర్రరంగుతో ఇంటూ గుర్తు వేసి, ఇళ్లు ఖాళీ చేయమన్నారు. కట్టుబట్టలతో బయటపడిన వారికి పాలకుల హెచ్చరిక ఆ రూపంలో అందింది.

ఆ ఊరు పాత కొండచరియల శిథిలాలపై నిలిచి ఉందనీ, భారీ నిర్మాణాలు, పేలుళ్లు తగవనీ 1976లోనే మిశ్రా కమిటీ చెప్పింది. అయినా బహుళ అంతస్తుల భవనాలు లేచాయి. జలవిద్యుత్ సొరంగమూ, బైపాస్ రహదారి పనులూ వచ్చాయి.

పన్నెండు రోజుల్లో నేల 5.4 సెంటీమీటర్లు కుంగిందని హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో చూపితే, ఆ నివేదికను వెబ్‌సైట్ నుంచి తొలగించారు. శాస్త్రసంస్థలు మీడియాతో మాట్లాడరాదని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఆదేశించింది. ప్రజల్లో గందరగోళం ఏర్పడుతుందట!

కాళ్లకింద నేల జారుతున్నవారికి ఆ సంగతి చెప్పడం గందరగోళమా? ప్రజలపై ప్రభావం చూపే నిర్ణయాలు ప్రకటించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ వెల్లడించాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ అంటోంది. అనుమతులపై సంతకం చేయకముందే ఇటువంటి నివేదికలు, ఆ ఊరివారి భాషలో, పురపాలక కార్యాలయం గోడకెక్కాలి. ప్రజలకు అందని హెచ్చరిక పాలకుల దస్త్రాలను తప్ప మరెవరినీ కాపాడదు.