ముగ్గులో లెక్క ఎవరిది?

సామర్లకోట వాకిళ్లలో చుక్కలు పెట్టి మెలికలు కలిపే ఆడవాళ్ల పనికి ఓ లెక్క ఉంది. 1974లో గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ, కమలా కృతివాసన్ తమిళ ముగ్గులకు గణిత వ్యాకరణం రాసి కంప్యూటర్ గ్రాఫిక్స్ పత్రికలో ప్రచురించారు. తెరమీద కదిలే బొమ్మల ప్రోగ్రాం చేసేదీ అదే: చుక్కకి స్థానం, గీతకి సూత్రం, వేలు తగిలితే మార్పు. 2013లో లారెన్ మెకార్తీ మొదలుపెట్టిన పీ5.జేఎస్ ఉచితం, బ్రౌజర్ ఉంటే చాలు.

అయినా వాకిట్లో ఇది 'ఆడవాళ్ల సరదా'. జీతం వచ్చే చోట 'మగవాళ్ల నైపుణ్యం'. మన అమ్మాయిలు వెనకబడేది తెలివి లేక కాదు, కంప్యూటర్ మీదా తీరిక మీదా హక్కు లేక. శిక్షణ అనగానే కుట్టుమిషన్, డేటా ఎంట్రీ దగ్గర మనమూ ఆగిపోతున్నాం. ప్రోగ్రామింగ్ నేర్పుదాం: తెలుగులో, ఇంటిపని తెమిలే వేళకి, పిల్లల్ని చూసే ఏర్పాటుతో.