ఆమె ఆఫీసులో ఏం చేస్తుంది?

మా చెల్లెలు హైదరాబాదులో ప్రాసెసర్లు డిజైన్ చేసే ఒక చిన్న కంపెనీలో ఇంజనీరు. పోయిన సంక్రాంతికి డిచ్‌పల్లి వచ్చినప్పుడు, పుస్తకంగా వచ్చిన నా పిహెచ్‌డి సిద్ధాంత వ్యాసాన్ని తిరగేసింది. తెలుగు కథల్లో స్త్రీల శ్రమ నా అంశం. నాట్లు, బీడీలు, మా అమ్మ చేసిన పసుపు కొమ్ములు ఏరే పని, వంటిల్లు, అన్నిటికీ అధ్యాయాలున్నాయి.

"అక్కా, గిండ్ల నా పని ఏడుంది?"

"సాఫ్ట్‌వేర్ స్త్రీల మీద పన్నెండు పేజీలున్నయ్ గదా."

చదివింది. "గిదంత నా జీతం, నా క్యాబు, నా మొగుడు. నా పనేది? అసలు నాది సాఫ్ట్‌వేర్ గూడ కాదు."

నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుందా? మన కథల్లో ఇంజనీరు స్త్రీ పొద్దున క్యాబ్ ఎక్కుతుంది, రాత్రి అలసిపోయి దిగుతుంది. ఇంట్లో ఆమె తోమిన గిన్నెలు లెక్కపెట్టి మరీ రాస్తాం. ఆఫీసులో గడిపిన పది గంటలు మాత్రం ఖాళీ.

ఆమె చేసేది వెరిఫికేషన్. ప్రాసెసర్ ఇంకా కోడ్ రూపంలో ఉన్నప్పుడే, ఏ పరిస్థితిలో తప్పు లెక్క చేస్తుందో ఊహించి, పరీక్ష రాసి, పట్టుకోవడం. మామూలు ప్రోగ్రాములో తప్పుంటే రేపు దిద్ది పంపవచ్చు. సిలికాన్‌లోకి ఎక్కిన తప్పు చెరిగిపోదు. 1994లో ఇంటెల్ పెంటియమ్ చిప్‌లో, భాగహారానికి వాడే పట్టికలో ఐదు విలువలు లేవని బయటపడింది. దానికి ఆ కంపెనీ 47.5 కోట్ల డాలర్లు నష్టం కింద రాసుకోవలసి వచ్చింది. చిన్న కంపెనీ అయితే అలాంటి ఒక్క తప్పుతో మూతపడుతుంది.

అయినా అక్కడ డిజైన్ అంటే మెదడు పని, వెరిఫికేషన్ అంటే ఓపిక పని. "ఆడపిల్లలకు ఓపిక ఎక్కువ" అనే మాట చెప్పే ఆమెను అందులో వేశారు.

ఇది పాత మాటే. ఫెయిర్‌చైల్డ్ కంపెనీ 1965 నుంచి అమెరికాలోని షిప్‌రాక్‌లో నవాహో ఆదివాసీ స్త్రీలతో చిప్‌ల పని చేయించింది. 1969లో వేసిన ప్రచార పుస్తకంలో వాళ్ళ నేత కళను చిప్‌ల నమూనాలతో పోల్చి మురిసిపోయింది. 1975లో ఫ్యాక్టరీ మూసేసింది. మన బీడీ కార్మికులూ విన్నది ఈ పొగడ్తే. చేతిని పొగిడితే తలకు కూలి కట్టనక్కర్లేదు.

ఆడవాళ్ళకు తల లేదా? 1980లలో కేంబ్రిడ్జ్‌లోని ఎకార్న్ కంపెనీలో ఒక చిన్న బృందం ఎఆర్ఎమ్ ప్రాసెసర్‌ను తయారు చేసింది. దాని ఆదేశాల సమితిని రూపొందించింది సోఫీ విల్సన్. మొదటి చిప్ 1985 ఏప్రిల్‌లో పనిచేసింది. ఇవాళ మన చేతుల్లోని ఫోన్లలో నడుస్తున్నది ఆ వంశమే. హైదరాబాదు కూడా ఇందులో వెనకబడి లేదు. ఇక్కడి ఇనేడా సిస్టమ్స్ 2014లో ఒంటిమీద ధరించే పరికరాల కోసం 'ధనుష్' ప్రాసెసర్లను ప్రకటించింది. మన సాహిత్యానికి మాత్రం ఇవన్నీ ఇంకా 'కంప్యూటర్ ఉద్యోగాలే'.

ఈమధ్య ఒక సదస్సులో ఈ ప్రశ్న లేవనెత్తితే, "లక్షల జీతాల వాళ్ళకేం శ్రమ?" అన్నారొకరు. జీతం ఎంతైతే శ్రమ శ్రమ కాకుండా పోతుంది? ఇంటిచాకిరీకి కూలి లేదు గనక అది పని కాదన్న పితృస్వామ్యానికీ, కూలి ఎక్కువ గనక ఇది శ్రమ కాదంటున్న మనకూ తేడా ఏమిటి?

"సాంకేతిక విషయాలు మనకెలా తెలుస్తాయి?" అన్నారు ఇంకొకరు. తునికాకు కత్తిరించడం మనకెలా తెలిసింది? వెళ్ళి, కూర్చుని, అడిగి తెలుసుకున్నాం. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వచ్చింది కూడా, సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీలను అడిగి వినడం వల్లనే. ఇంట్లో ఉన్న చెల్లెల్ని నేను ఇన్నేళ్ళూ అడగలేదు. తెలియకపోవడం కాదిది, నిర్లక్ష్యం. ఆ తప్పు నాతోనే మొదలైంది.

పుస్తకం మళ్ళీ అచ్చయితే ఆ పన్నెండు పేజీలు ఉండవు. కొత్తవి రాయడానికి ఆమెను నేను అడగబోయే మొదటి ప్రశ్న, మొగుడు వంటలో సాయం చేస్తాడా అని కాదు.

"నిన్న ఏ తప్పు పట్టినవ్? ఎట్ల పట్టినవ్?"