కొబ్బరిచెట్టుకి బ్యాకప్ లేదు

ఆఫీసులో ఎవరైనా బ్యాకప్ అంటే నాకీమధ్య సర్వర్లు గుర్తురావట్లేదు. రాజోలు దగ్గర మా పెరట్లో ఉన్న కొబ్బరిచెట్టు గుర్తొస్తోంది. ఎందుకో చెబుతా, కాకపోతే కాస్త సైబీరియా మీదుగా తిరిగి రావాలి.

కొలిమా నది దగ్గర, 38 మీటర్ల లోతున, ఎప్పుడూ కరగని మంచునేలలో ఉడుతలు దాచుకున్న కాయలు దొరికాయి. వయసు దాదాపు 32 వేల ఏళ్ళు! సైలీన్ స్టెనోఫిల్లా అనే చలిదేశపు చిన్న పూలమొక్కవి. ముదురు గింజలు మొలవలేదు. పిందెల్లో గింజ అంటుకుని ఉండే చోటి కణజాలాన్ని తీసి ల్యాబులో పెంచితే మొక్కలొచ్చాయి, పూశాయి, గింజలూ కట్టాయి. రష్యా శాస్త్రవేత్తలు 2012లో ప్రకటించారు.

అంటే ఆ మొక్కలకి మంచే హార్డ్ డిస్కన్నమాట. నార్వేలోని స్వాల్‌బార్డ్ విత్తన భాండాగారానిదీ అదే సూత్రం. 2008 నుంచీ మైనస్ 18 డిగ్రీల్లో ప్రపంచ పంటల గింజలు దాస్తున్నారు. సిరియా యుద్ధంలో అలెప్పో దగ్గరి విత్తన బ్యాంకు చేజారితే, 2015లో అక్కణ్ణుంచి గింజలు వెనక్కి తెచ్చుకుని మళ్ళీ పండించుకున్నారు. డిజాస్టర్ రికవరీ అంటే అదీ!

మరి అందులో మా కొబ్బరికాయ పెడితే? చచ్చిపోతుంది. దాన్ని వడ్లలాగా ఆరబెట్టి చలిలో పెట్టడం కుదరదు. కొన్ని నెలల్లో మొలకెత్తాలి, లేదా పోవాలి. అరటి నయం, దానికి పిలకలున్నాయి. రావులపాలెం వైపు రైతులకి ల్యాబు మొక్కలు కొత్తేం కాదు. బెల్జియంలోని లూవెన్‌లో 1,500కి పైగా అరటి నమూనాలు దాచారు కూడా. కొబ్బరికి ఉన్నది ఒక్కటే మొవ్వు. అది తీస్తే చెట్టే పోతుంది. 2021లో అదే లూవెన్ వాళ్ళు కొబ్బరి మొవ్వుకి పక్క మొలకలు పుట్టించే పద్ధతి ప్రచురించారు. గొప్ప సంగతే, కానీ మొదలు కాయలోని పిండంతోనే. తోటలో నిలబడ్డ చెట్టుని కాపీ చెయ్యడం కాదు.

అందుకే ప్రపంచమంతా కొబ్బరిని తోటలుగానే దాస్తోంది. దక్షిణాసియాది కర్ణాటకలోని కిడులో ఉంది. పాపువా న్యూగినీలో ఉన్నదానికి తెగులు ముప్పొచ్చింది. ప్రొడక్షన్ సర్వరూ అదే, బ్యాకప్పూ అదే. మనమైతే ఇలాంటి డిజైన్ని రివ్యూలోనే తన్ని పంపేస్తాం.

అంబాజీపేట పరిశోధన కేంద్రం వాళ్ళంటే నాకు గౌరవం. మన పొడవు రకాన్ని, గంగబొండాన్ని కలిపి గోదావరి గంగ తీసింది వాళ్ళే. నా గొడవ వేరే. సంకరాల పేర్లు అందరికీ తెలుసు, అమ్మానాన్నల్లాంటి పెరటి చెట్ల సంగతి ఎవరికీ పట్టదు.

మా చెట్టు 1996 నవంబరు 6 తుఫానుకి నిలబడింది. అప్పటికి నేను పుట్టలేదు. తోటంతా దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపుకి పడిపోయిందని, ఇదొక్కటే మిగిలిందని తాతయ్య చెప్పేవారు. అదృష్టమో, జన్యువులో ఉన్న గుణమో! అది తేల్చాలన్నా ముందు చెట్టుండాలి కదండీ. పైగా పొడవు రకం పక్క చెట్ల పుప్పొడి కూడా తీసుకుంటుంది. దాని కాయ పాతితే వచ్చేది దాని పిల్ల, అది కాదు.

నేనైతే అంటాను, అలా మిగిలిన చెట్లకి నంబర్లు వెయ్యాలి. కొన్ని పూగుత్తులకి సంచులు కట్టి, వాటి పుప్పొడి వాటికే అందించి, ఆ కాయల్ని అంబాజీపేట చేర్చాలి. చెట్టుని ఉంచినందుకు రైతుకి ఏడాదికింతని ఇవ్వాలి. ముసలి చెట్లు తీయించి కొత్తవి నాటించడానికి కొబ్బరి బోర్డు పథకం నడిపింది, ఉంచినందుకు కూడా ఒకటి పెట్టకూడదా?

మొన్న సంక్రాంతికి వెళ్తే బాబాయి ఆ చెట్టు కొట్టించేస్తానన్నాడు. ఆయన తప్పూ లేదు, ఒక్క చెట్టు కోసం దింపుకి ఎవరొస్తారు? వద్దన్నాను.

"నువ్వొచ్చి ఎక్కుతావేంట్రా?"

దింపు డబ్బులు నేను పంపుతానన్నాను. కాసేపు చెట్టుకేసి చూసి, "సరే, మళ్ళీ పండగ దాకా ఉండనీ" అన్నాడు.